ఆఫీసరుగారికి కొట్టిన బొండం

మా అత్తవారింట్లో కొబ్బరి కత్తి వంటింట్లో ఉండేది కాదు. వీధి అరుగు పైన, చూరు ఆకుల్లో గుచ్చి ఉండేది. ఎవరొచ్చినా ముందు అరుగు మీద కూర్చోబెట్టాలి. ఇంటి పెద్ద చెయ్యి పైకి చాచి ఆ కత్తి తీసి, బొండం చెక్కి, తన చేత్తో అందించాలి. ఆ తర్వాతే వచ్చిన పని ఏమిటని అడగాలి. పాలేరు చేత కొట్టించి ఇస్తే మర్యాద సగమే జరిగినట్టు. ఉత్త మంచినీళ్లిచ్చి పంపితే అసలు జరగనట్టే. నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తగారు లేరు గాని, ఆవిడ పెట్టి వెళ్లిన పద్ధతులన్నీ ఇంట్లో తిరుగుతూనే ఉండేవి. మొదట్లో ఈ బొండం పద్ధతి నాకు ముచ్చటగానే ఉండేది.

కొత్తపేటకు దగ్గర్లో, కాలవ గట్టున ఇల్లు. ఇద్దరన్నదమ్ముల కాపురం. మా ఆయన చిన్నవారు, బోర్డు స్కూల్లో మేష్టారు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి. తమ్ముడి భార్య బావగారి ఎదట నిలబడకూడదు కనుక నాకు ఆయన మొహం కంటే ముందు ఆయన దగ్గు పరిచయమైంది. తెల్లవారుతూనే మొదలయ్యేది. ఆ దగ్గు ఎంతసేపు ఉందో విని, ఈ రోజు ఆయన భోజనానికి లేస్తారో లేదో వంటింట్లోంచే చెప్పేసేదాన్ని.

యుద్ధంలో బావగారు లారీ నడిపారు. బర్మా సరిహద్దు అడవుల్లో, తడిసిన బట్టలు ఒంటిమీదే ఆరుతూ, ఆరినవి మళ్లీ తడుస్తూ ఉండగా అక్కడే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మిలటరీ ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచుకుని, ఒక పక్క ఊపిరితిత్తి ఇక పనికిరాదని తేల్చి, పింఛను రాసి ఇంటికి పంపారు. ఆ పింఛనైనా జీవితాంతానికి కాదు. కొన్నేళ్లు ఇస్తాం, తర్వాత మళ్లీ చూసి నిర్ణయిస్తాం అన్నారట. ఈలోగా ఊపిరితిత్తి మళ్లీ మొలుస్తుందనుకున్నారో ఏమిటో ఆ మహానుభావులు.

బయటికి చూస్తే ఆయన జబ్బు మనిషని ఎవరూ అనుకోరు. పొడుగు మనిషి, వెడల్పాటి భుజాలు. కూర్చుని కబుర్లు చెబుతుంటే మా ఆయనే ఆయనకంటే నీరసంగా కనిపించేవారు. లేచి దొడ్డిదాకా వెళ్లొస్తే మాత్రం స్తంభం పట్టుకుని చాలాసేపు నిలబడిపోయేవారు. చెయ్యి తలకంటే పైకి ఎత్తితే ఛాతీ పట్టేసేది. అమలాపురం డాక్టరుగారు మా ఆయనను పక్కకు పిలిచి, జబ్బు నయమయ్యే దశ దాటిపోయిందనీ, పాలూ గుడ్లూ కొత్తగా వచ్చిన సూదిమందూ అందుతున్నంత కాలం మనిషి మిగులుతాడనీ చెప్పారు. అవన్నీ పింఛను మీదే వచ్చేవి. మేష్టారి జీతం ఇంట్లో బియ్యానికీ పప్పుకీ సరిపోయేది, అదీ ఒక్కో నెల సరిపోయేది కాదు. పింఛను ఆగితే మనిషి ఆగిపోతాడని ఇంట్లో అందరికీ తెలుసు. పైకి అనేవాళ్లం కాదు.

గడువు అయిపోవచ్చిన ఏడాది, విచారణకు ఆఫీసరుగారు ఇంటికే వస్తారని కబురొచ్చింది. మనిషి ప్రయాణం చెయ్యలేడని మా ఆయన పెట్టుకున్న అర్జీకి అది జవాబు. అందరం సంతోషించాం. ప్రభుత్వం తనంతట తాను మా గుమ్మంలోకి వస్తోందంటే సామాన్యమా.

ఆ రోజు మా తోటికోడలు పొద్దున్నే మొదలుపెట్టింది. ఆవిడను నేను అక్క అనేదాన్ని. ఇల్లంతా అలికి ముగ్గులు పెట్టింది. మంగలిని పిలిపించి బావగారికి గడ్డం గీయించింది. వేణ్ణీళ్లు పోసి, పెట్టెలోంచి ఇస్త్రీ పంచె తీసి కట్టించింది. మందు సీసాలు గూట్లోంచి తీసి దాచేసింది. ఆయన పగలంతా పడుకునే మంచం ఎత్తి గోడకు ఆనించింది. అడుగున బూడిద పోసి మంచం పక్కన ఉంచే ఉమ్మి పిడతను తీసుకెళ్లి దొడ్లో అరటి చెట్ల వెనక పెట్టి వచ్చింది.

నాకు మనసు ఒప్పలేదు. "అక్కా, ఆయన వచ్చేది జబ్బు చూడ్డానికి కదా. అవన్నీ ఉండనిద్దూ," అన్నాను.

"ఇంటికొచ్చిన మనిషికి ఉమ్మి పిడతలు చూపిస్తావా చెల్లాయ్? కూర్చుని నాలుగు గుక్కలు తాగొద్దూ ఆయన?" అంది అక్క. "జబ్బు సంగతంతా వాళ్ల కాగితాల్లో ఉంటుంది. మనం కొత్తగా చూపించేదేవుంది."

ఆవిడ చెప్పిందీ నిజమే కదా అనిపించింది. మిలటరీ డాక్టర్లు అంతంత చదువులు చదివి రాసిన దాన్ని మా ఇంటి పిడత ఏం ఎక్కువ చెబుతుందిలే అనుకున్నాను.

ఆఫీసరుగారు పొద్దున్న వస్తారన్నవారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. బడి వేళయ్యేదాకా కాచుకుని మా ఆయన స్కూలుకు వెళ్లిపోయారు. పాలేరు చేలో ఉన్నాడు. అక్కా నేనూ తలుపు వెనక. అరుగు మీద బావగారొక్కరే. చైత్ర మాసపు ఎండ. పడవ దిగి గట్టు వెంట నడిచొచ్చిన ఆఫీసరుగారి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. వెనక గొడుగు మూసుకుంటూ బంట్రోతు.

"ఎండలో పడి వచ్చేరు. ముందు దాహం పుచ్చుకోండి," అంటూ బావగారు లేచారు.

జబ్బు పడ్డప్పటినుంచీ బొండం కొట్టే పని మా ఆయనదే. ఆ పూట ఆయన లేరు. నేను అక్క చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపాను. "ఒక్కటే కదే. మగదిక్కు లేని కొంపలాగ బంట్రోతు చేత కొట్టిస్తావా?" అని గుసగుసగా అంది. బావగారు చెయ్యి పైకెత్తలేరని ఆవిడకు తెలుసు. అంచేత మరిది స్కూలుకు వెళ్లగానే ముక్కాలిపీట వేసుకుని కత్తి చూరులోంచి తీసి తలుపు చాటున పెట్టుకుంది. ఇప్పుడు చప్పుడు కాకుండా దాన్ని గడప మీదికి జరిపింది.

బొండం కొట్టడంలో పెద్ద బలంతో పని లేదు. అంతా మణికట్టులో ఉంటుంది. చిన్నప్పటినుంచీ అలవాటైన చెయ్యి ఒళ్లు ఎలా ఉన్నా ఆ పని చేసేస్తుంది. బావగారు ఎడమ అరచేతిలో బొండం తిప్పుతూ చుట్టూ చెక్కి, పైన చిన్న వేటు వేశారు. ఒక్క బొట్టు కింద పడలేదు. ఆఫీసరుగారికి అందించారు. తర్వాత బంట్రోతు వైపు చూసి, అతనికీ ఇంకోటి కొట్టారు. రెండోది కొడుతున్నప్పుడు ఆయన మెడ మీద నరం ఉబ్బడం తలుపు సందులోంచి నాకు కనిపించింది.

"ఒంట్లో ఎలా ఉంటోందండి?" అని అడిగారు ఆఫీసరుగారు.

"ఆయ్, మీ దయవల్ల బాగానే ఉందండి."

"దగ్గు వస్తోందా?"

"అప్పుడప్పుడు వస్తుందండి. పెద్ద ఇబ్బందేం లేదండి."

"పనులవీ చేసుకోగలుగుతున్నారా?"

"ఏదో అండి, చేతనైనంతలో."

తలుపు వెనక నేను పళ్లు నూరుకుంటున్నాను. ఒంట్లో ఎలా ఉందని అడిగితే మా పక్క ఎవరైనా బాగుందనే అంటారు. అడిగిన మనిషిని నొప్పించడం ఎందుకని. ఆ మాటకు అర్థం జబ్బు లేదని కాదని మాలో ఎవరికైనా తెలుసు. ఆఫీసరుగారు మా పక్కవారు కారు, జిల్లాకు కొత్త. పాపం చెడ్డవారేమీ కాదు. నీళ్లు తాగి, లేత కొబ్బరి కూడా తిని, ఇంత తియ్యటి నీళ్లు ఎక్కడా తాగలేదని చెప్పి, నమస్కారం పెట్టి మరీ వెళ్లారు.

ఆయన గట్టు మలుపు తిరిగేదాకా బావగారు నిలబడే ఉన్నారు. తర్వాత అరుగు మీదే కూలబడ్డారు. అక్క దొడ్లోకి పరిగెత్తి అరటి చెట్ల వెనకనుంచి పిడత తెచ్చేసరికే ఇస్త్రీ పంచె మీద రక్తం పడిపోయింది. ఆ పంచె ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పూర్తిగా పోలేదు.

కొన్ని వారాలకు ఉత్తర్వు వచ్చింది. మా ఆయన అరుగు మీద నిలబడి చదివి, తెలుగులో చెప్పారు. మనిషి శుభ్రంగా, ఆరోగ్యంగా కనిపించాడనీ, ఇబ్బందేమీ లేదని తన నోటితోనే చెప్పాడనీ, విచారణాధికారి ఎదుటే కత్తి పట్టి కొబ్బరికాయలు కొట్టాడనీ, అందుచేత పింఛను నిలిపివేస్తున్నామనీ దాని సారాంశం.

నాకు ఒళ్లు మండిపోయింది. గడప ఇవతలే ఉన్నానన్న సంగతి మరిచిపోయి, "తాగినాయనకి సిగ్గు లేదూ? ఇచ్చిన చేతి మీదే సాక్ష్యం రాస్తాడా?" అని గట్టిగా అనేశాను.

బావగారు నాతో నేరుగా మాట్లాడరు. తమ్ముడి వైపు చూస్తూ నాకు వినిపించేలా అన్నారు. "ఆయన్ననొద్దని చెప్పరా. రాసింది అబద్ధం కాదు కదా. కొట్టేను కదా."

అక్క తలుపు చాటునుంచి, "కాకినాడ పెద్ద డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్దాం. వాళ్లు గొట్టం పెట్టి చూస్తే తెలిసిపోదూ," అంది. మా ఆయన అర్జీ మీద అర్జీ పెట్టారు. చివరికి కాకినాడలో డాక్టర్ల బోర్డు ముందు హాజరు కమ్మని పిలుపు వచ్చింది.

నలుగురం బయలుదేరాం. ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కణ్ణుంచి కోటిపల్లికి పంటు మీద గోదావరి దాటడం. కోటిపల్లి నుంచి కాకినాడకు ఒకప్పుడు రైలుండేదట. యుద్ధానికి ఇనుం కావాలని పట్టాలు పీక్కుపోయారు. ఉత్త కట్ట మిగిలింది, దాని మీద మేకలు మేస్తున్నాయి. ఆ రైలుంటే ఆయన పడుకుని వెళ్లేవారు. బస్సులో కుదుపులకు అక్క ఆయన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చుంది. బావగారు ఆ కట్ట వైపు చూస్తూ తమ్ముడితో, "నన్నూ దాన్నీ ఒకే యుద్ధానికి పట్టుకెళ్లేర్రా. అదృష్టవంతుణ్ణి, నన్ను తిరిగి పంపేరు," అని నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

కాకినాడ ఆఫీసులో చెప్పారు, బోర్డు ఆ రోజు కూర్చోదని. డాక్టర్లంతా ఉంటేనే బోర్డట. ఒకరు క్యాంపుకు వెళ్లారట. ఉన్న డాక్టర్లయినా ఒక్కసారి చూడండని మా ఆయన బతిమాలారు. రూలు ఒప్పుకోదండి అన్నారు. ఎవరిని అడగాలి అంటే పక్క గది చూపించారు. పక్క గదివారు ఇది మిలటరీ వాళ్ల సంగతండి అన్నారు. మిలటరీ లెక్కలు చూసేవారు, విచారణ చేసింది కలెక్టరాఫీసు కనుక వాళ్లనే అడగండి అన్నారు. ఒక్కరంటే ఒక్కరు కసురుకోలేదు. అందరూ అండీ అండీ అనే పంపారు. కసురుకుని ఉంటే తిరిగి నాలుగు మాటలని కడుపుమంటయినా చల్లార్చుకునేదాన్ని.

బావగారు వరండాలో బల్ల మీద అక్క భుజానికి తలాన్చి కూర్చుని ఉన్నారు. గుమాస్తా వచ్చి మళ్లీ కబురు పెడతామని చెప్పాడు. "పర్వాలేదండి. మళ్లీ వస్తాంలెండి," అన్నారు బావగారు. నడుం వంచి నమస్కారం కూడా పెట్టారు.

రెండో పిలుపు శ్రావణంలో వచ్చింది. అప్పటికి గోదావరి పొంగి పంటు ఆపేశారు. మూడో పిలుపు రాలేదు.

సూదిమందు ఎప్పుడో ఆగిపోయింది. అక్క తన వంతు పాలూ నా వంతు పాలూ కలిపి ఆయనకే పోసేది, ఆయన తాగినట్టే తాగి సగం మిగిల్చేవారు. చూస్తుండగానే ఆ వెడల్పాటి భుజాలు పక్కమీద ఏమీ కాకుండా పోయాయి. నాకు ఆ రోజుల్లో ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది. ఎవరి మీద పడాలో తెలియక గిన్నెల మీద పడేదాన్ని. ఒకనాడు బావగారు తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని అడిగారు.

"ఒరే, నేను దొంగ జబ్బు చెప్పి పింఛను తిన్నానని ఊళ్లో ఎవరైనా అంటున్నార్రా?"

"అబ్బే, ఎవరంటారన్నయ్యా," అన్నారు మా ఆయన.

"అంటే అననీలే. కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది చూడు." వినాయక చవితికి పత్రి కోస్తున్నప్పుడు అక్క కేక వినిపించింది. వెళ్లేసరికి ఆయన లేరు.

తర్వాత అక్క పేర పింఛనుకు పెట్టుకున్నాం. యుద్ధంలో పట్టుకున్న జబ్బుతో పోతే భార్యకు ఇస్తారని తెలిసినవాళ్లు చెప్పారు. దానికి వచ్చిన జవాబు ఇంకా బాగుంది. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని విచారణలో తేలింది కనుక ఆ జబ్బుతో పోయాడని ఒప్పుకోవడానికి వీల్లేదట. మరి దేంతో పోయారో అది మాత్రం రాయలేదు. ఇంతలో ఆంధ్రరాష్ట్రం వచ్చింది. మీ కాగితాలు మద్రాసు నుంచి కర్నూలు వెళ్లాయండి అన్నారు. కర్నూలువాళ్లు మాకు చేరలేదండి అన్నారు. మా ఆయన విసిగిపోయి కలం పక్కన పడేశారు.

అప్పుడు నేను పట్టుకున్నాను. థర్డు ఫారం చదువు నాది. మా ఆయన అర్జీల్లాగ మహారాజశ్రీలతో నింపడం నాకు రాదు. ప్రతి అర్జీలోనూ ఒకటే అడిగేదాన్ని. మా బావగారి ఛాతీ చూసి బాగుందని చెప్పిన డాక్టరు ఎవరు? ఆయన పేరు చెప్పండి. జవాబు రాకపోతే అదే మళ్లీ రాసేదాన్ని. ఊళ్లో పోస్టుమాస్టరుగారు నన్ను చూస్తేనే స్టాంపు తీసి పెట్టేవారు. అక్క, "ఎందుకే వాళ్లనలా పీడిస్తావు," అనేది. చాలా కాలానికి, మళ్లీ విచారణ జరుపుతామని కార్డు వచ్చింది.

ఈసారి పొద్దున్నే నేను మొదలుపెట్టాను. ఇల్లు అలకనివ్వలేదు. ఉమ్మి పిడతా, ఖాళీ మందు సీసాలూ, మరక పోని పంచే అరుగు మీద పెట్టాను. చూరులోంచి కత్తి తీసి ధాన్యం గాదెలో లోతుగా దూర్చేశాను.

వచ్చినాయన చిన్నవాడు, మీసాలు సరిగా రాని వయసు. ఎండకు మొహం ఎర్రబడి ఉంది. అక్క తలుపు వెనకనుంచి వచ్చి ముక్కాలిపీట మీదికెక్కి చూరులో చెయ్యి పెట్టి వెతికింది. ఇటు వెతికింది, అటు వెతికింది.

"కత్తేదే చెల్లాయ్?"

"కనపట్టం లేదక్కా."

"పోనీ మీ ఆయన్ని పక్కింటినుంచి తెమ్మను."

"అక్కర్లేదు," అన్నాను. ఆవిడ నా మొహం చూసి పీట దిగింది.

మా ఆయనను పక్కన కూర్చోబెట్టి, నేనే ఆ అబ్బాయి ఎదట నిలబడ్డాను. ఉమ్మి పిడత దేనికో చెప్పాను, పంచె మీద మరక ఏమిటో చెప్పాను, కాకినాడ బల్ల మీద ఎంతసేపు కూర్చోబెట్టారో చెప్పాను. ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. మధ్యలో అక్కను చూసి, "మీకెలా గడుస్తోందమ్మా?" అని అడిగాడు.

"ఆయ్, మీ దయవల్ల బాగానే..." అని అక్క మొదలుపెట్టింది.

"బాగోలేదండి. బాగోలేదని రాసుకోండి," అన్నాను.

ఆయన పెదాలు తడుపుకుంటూ లేచాడు. దాహమని నోరు తెరిచి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆయన వెళ్లిన వైపే చూస్తూ అక్క స్తంభం పట్టుకుని నిలబడింది. "పసివాడే. ఆరిపోయిన నోటితో వెళ్లేడు మనింటినుంచి," అని కళ్లు తుడుచుకుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పింఛను ఇచ్చారు. ఉత్తర్వు వచ్చిన రోజు మా ఆయన రెండుసార్లు చదివారు. తాజా విచారణ మీదట మంజూరు చేయడమైనది అని ఉంది. ముందు రాసింది తప్పని లేదు. ఎవరి పొరపాటో లేదు. బావగారి జబ్బు నిజమేనన్న ఒక్క ముక్క కోసం నేను వెతికాను, అదీ లేదు. అయినా గెలిచానన్న సంబరంతో గాదెలోంచి కత్తి తీసుకొచ్చి అక్క చేతికిచ్చాను. ధాన్యం చెమ్మకు పిడి మీదికి తుప్పు రంగు దిగింది.

అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది కనపడకపోబట్టే ఇచ్చేరా?" అంది.

"అదేం కాదక్కా."

"మరి ఆవేళ గడప మీదికి జరిపింది నేనే కదే."

నా సంబరమంతా ఎగిరిపోయింది. ఇన్నేళ్లూ ఆవిడ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "నీ తప్పేం లేదక్కా. తప్పు వాళ్లది," అన్నాను.

"వాళ్లంటే ఎవరే?"

మా ఆయన చేతిలోంచి ఉత్తర్వు తీసుకుని మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివాను. అందులో వాళ్లెవరూ లేరు. అక్క ఆ పింఛను నెలనెలా పుచ్చుకుంటూనే, పోయేదాకా ఆ తప్పు తన దగ్గరే ఉంచుకుంది.